వీఎం డిస్క్ ఇమేజ్‌కి గ్రబ్ ఎక్కడం లేదు (డెబియన్ 11, రా ఇమేజ్)

కాకినాడ_ల్యాబ్ · శుక్రవారం రాత్రి 8:10

అందరికీ నమస్కారం. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎంబెడెడ్ ల్యాబ్ చూసుకుంటాను. మేం వాడే టూల్‌చైన్ డెబియన్ 11 లినక్స్ మీదే సరిగ్గా నడుస్తుంది. అందుకని ఒకే వర్చువల్ మెషీన్ ఇమేజ్ తయారుచేసి పిల్లలందరికీ పెన్ డ్రైవ్‌లో ఇద్దామని మొదలుపెట్టాను. ఇన్‌స్టాలర్ ముందు కూర్చుని నెక్స్ట్ నెక్స్ట్ కొట్టే పద్ధతి వద్దు, స్క్రిప్టే కావాలి. వచ్చే సెమిస్టర్‌కి ఒక్క కమాండ్‌తో మళ్లీ తయారవ్వాలి.

ఇప్పటిదాకా చేసింది చెప్తాను. ట్రంకేట్‌తో 8 జీబీ ఖాళీ ఫైలు చేశాను. పార్టెడ్‌తో జీపీటీ లేబుల్ (కొత్త తరహా పార్టిషన్ పట్టిక) వేసి, 1 ఎంబీ దగ్గర మొదలయ్యే ఒకే ఒక్క పార్టిషన్ పెట్టాను. లోసెటప్‌తో లూప్ డివైజ్‌గా (ఫైలే డిస్కులా కనిపించేలా) తగిలించి, ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసి, మౌంట్ చేసి, డెబియన్ బేస్ సిస్టమ్‌ని అందులో వేసే డీబూట్‌స్ట్రాప్ నడిపాను. కెర్నల్ ప్యాకేజీ కూడా ఎక్కింది. అంతవరకూ ఎక్కడా ఆగలేదు.

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది రోలింగ్ డిస్ట్రో, దాంట్లో గ్రబ్ 2.12 (కెర్నల్‌ని లేపే బూట్‌లోడర్). బయటి నుంచే బూట్-డైరెక్టరీ ఆప్షన్‌లో ఇమేజ్ దారి చూపించి /డెవ్/లూప్0 మీద గ్రబ్-ఇన్‌స్టాల్ కొడితే, ఈ జీపీటీలో బయోస్ బూట్ పార్టిషన్ లేదు, ఎంబెడింగ్ కుదరదు అంటోంది. బ్లాక్‌లిస్టులు నమ్మదగినవి కావని ఇంకో లైను చెప్పి ఆగిపోతోంది. అలాగే క్యూఎము అనే వర్చువల్ మెషీన్ ప్రోగ్రాంలో బూట్ చేస్తే "బూటింగ్ ఫ్రమ్ హార్డ్ డిస్క్" దగ్గర కర్సర్ మెరుస్తూ ఉండిపోతోంది. సోమవారం ల్యాబ్ ఉంది, టెన్షన్‌గా ఉంది. దారి చూపించండి.

నల్లగొండ_రూట్ · రాత్రి 8:32

అన్నా, ఆ లైను చూసి చాలామంది వెంటనే ఫోర్స్ ఆప్షన్ పెట్టి కొడతారు. నువ్వు మాత్రం కొట్టకు. ఇవాళ బూట్ అవుతుంది, ఎప్పుడో ఒక అప్‌డేట్ తర్వాత ఆగిపోతుంది. జీపీటీ నీకు తప్పనిసరి కాకపోతే పాత తరహా ఎంఎస్‌డాస్ లేబుల్ వేసెయ్. 8 జీబీ ఇమేజ్‌కి జీపీటీతో పనేముంది? అదే పార్టిషన్, అదే 1 ఎంబీ దగ్గర మొదలుపెడితే గ్రబ్ హాయిగా కూర్చుంటుంది.

సెక్టార్_సున్నా · రాత్రి 9:05

నల్లగొండ తమ్ముడు చెప్పింది పనిచేస్తుంది. కానీ ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే రేపు ఇంకో చోట ఇరుక్కోరు. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

డిస్కు మొదటి సెక్టార్ 512 బైట్లు. చివరి 2 బైట్లు 55, ఏఏ అనే గుర్తు. దాని ముందు 64 బైట్లు పార్టిషన్ టేబుల్, ఒక్కో పార్టిషన్‌కి 16 చొప్పున నాలుగింటికి చోటు. అవి పోగా బూట్ కోడ్‌కి మిగిలేది 446 బైట్లు. ఈఎక్స్‌టీ4ని చదివి కెర్నల్‌ని వెతికే ప్రోగ్రాం అంత చిన్న చోటులో పట్టదు. అందుకే గ్రబ్ రెండు ముక్కలుగా ఉంటుంది. బూట్ ఇమేజ్ అనే చిన్న ముక్క మొదటి సెక్టార్‌లో కూర్చుంటుంది. దానికి తెలిసింది ఒక్కటే, కోర్ ఇమేజ్ ఏ సెక్టార్‌లో మొదలవుతుందో. ఫైల్‌సిస్టమ్ చదివే తెలివంతా ఆ కోర్ ఇమేజ్‌లో ఉంటుంది. దాని సైజు పదుల కేబీల్లో ఉంటుంది.

ఆ కోర్ ఎక్కడ పెట్టాలి అన్నదే మీ ఎర్రర్. ఎంఎస్‌డాస్ లేబుల్‌లో మొదటి సెక్టార్‌కీ మొదటి పార్టిషన్‌కీ మధ్య జాగా ఎవరిదీ కాదు. పూర్వం పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యేది, మధ్యలో 62 సెక్టార్లు, అంటే 31 కేబీ. ఇరుకు. ఇప్పుడు 2048 దగ్గర మొదలవుతుంది కాబట్టి దాదాపు 1 ఎంబీ దొరుకుతుంది. జీపీటీలో అలా కాదు. ఒకటో సెక్టార్‌లో హెడర్, 2 నుంచి 33 వరకు పార్టిషన్ ఎంట్రీలు. ఆ తర్వాత ఖాళీ ఉన్నా అది తనదని గ్రబ్ చెప్పుకోలేదు. తనకంటూ ఒక పార్టిషన్ కావాలి. అదే బయోస్ బూట్ పార్టిషన్. 1 ఎంబీ చాలు, ఫార్మాట్ చేయకూడదు, మౌంట్ చేయకూడదు. జీపీటీ పార్టిషన్లు చేసే ఎస్‌జీడిస్క్‌లో దాని టైప్ కోడ్ ఈఎఫ్02. దాని జీయూఐడీలోని (పార్టిషన్ రకాన్ని చెప్పే గుర్తింపు నంబరు) బైట్లని డిస్కు మీదున్న వరసలో అక్షరాలుగా చదివితే "హా! ఐ డోంట్ నీడ్ ఈఎఫ్ఐ" అని వస్తుంది (ఈఎఫ్ఐ అంటే బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్). గ్రబ్ వాళ్లు కావాలనే అలా ఎంచుకున్నారు.

బ్లాక్‌లిస్ట్ అంటే కోర్‌ని మామూలు ఫైలుగా ఈఎక్స్‌టీ4లోనే ఉంచి, అది ఏయే బ్లాకుల్లో ఉందో అడ్రసులు రాసిపెట్టుకోవడం. ఆ ఫైలు ఒక్కసారి కదిలితే అడ్రసులు తప్పవుతాయి. ఫోర్స్ వద్దన్నది అందుకే.

మీ కర్సర్ సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. సీబయోస్ (క్యూఎములోని బయోస్) చివర 55, ఏఏ ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. జీపీటీ వేసినప్పుడు పార్టెడ్ ఆ గుర్తు పెట్టేసింది. దాంతో బూటబుల్ డిస్కే అనుకుని బయోస్ కోడ్‌లోకి దూకింది. అక్కడున్నవి 446 సున్నాలు. ఆ గుర్తు లేకపోతే "నాట్ ఎ బూటబుల్ డిస్క్" అని చెప్పి ఊరుకునేది. హెక్స్‌డంప్‌తో మొదటి 512 బైట్లు తీసి చూడండి, కళ్లారా కనిపిస్తుంది.

కాకినాడ_ల్యాబ్ · రాత్రి 10:20

మాస్టారూ, హెక్స్‌డంప్ చూశాను. వరసగా సున్నాలు, చివర్లో ఒక పార్టిషన్ ఎంట్రీ, 55 ఏఏ. ఇప్పుడు అర్థమైంది.

జీపీటీనే ఉంచి ఎస్‌జీడిస్క్‌తో మొదట 1 ఎంబీ ఈఎఫ్02, మిగతాదంతా రూట్‌గా మళ్లీ చేశాను. ల్యాప్‌టాప్ గ్రబ్-ఇన్‌స్టాల్ ఈసారి "నో ఎర్రర్ రిపోర్టెడ్" అంది. బూట్ చేస్తే గ్రబ్ ప్రాంప్ట్ వచ్చింది, మెనూ లేదు. గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ లేదు కదా అని, డెవ్, ప్రాక్, సిస్ మూడూ బైండ్ మౌంట్ చేసి, సీహెచ్‌రూట్‌లోకి (ఇమేజ్‌నే రూట్‌గా చూసే షెల్‌లోకి) వెళ్లి గ్రబ్-పీసీ ప్యాకేజీ ఎక్కించి అప్‌డేట్-గ్రబ్ కొట్టాను. ఇప్పుడు కొత్త గొడవ: "గ్రబ్-ప్రోబ్: ఎర్రర్: అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్". సీహెచ్‌రూట్ లోపల గ్రబ్-ఇన్‌స్టాల్ కొట్టినా అదే మాట. ఈఎక్స్‌టీ4ని గుర్తుపట్టకపోవడమేంటి?

నల్లగొండ_రూట్ · రాత్రి 10:41

డెవ్ సరిగ్గా బైండ్ అయిందో లేదో చూడన్నా. నాకు ఒకసారి లూప్0పీ2 లోపల కనబడక తిప్పలు పెట్టింది.

పెన్నేటి_పెంగ్విన్ · రాత్రి 10:58

డెవ్ లేకపోతే వచ్చే ఎర్రర్ వేరు. "రూట్‌కి డివైజ్ దొరకడం లేదు, డెవ్ మౌంట్ చేశారా" అని అడుగుతుంది. ఇక్కడ డివైజ్ దొరికింది, దాంట్లో ఉన్నదాన్ని చదవలేకపోతోంది.

ల్యాప్‌టాప్ రోలింగ్, గెస్ట్ డెబియన్ 11 అన్నారు కదా. ల్యాప్‌టాప్‌లో డంప్‌ఈ2ఎఫ్ఎస్‌కి హైఫన్ హెచ్ ఇచ్చి ఆ పార్టిషన్ మీద నడిపి, ఫైల్‌సిస్టమ్ ఫీచర్స్ లైను ఇక్కడ పెట్టండి. మెటాడేటా సీసమ్ సీడ్, ఆర్ఫన్ ఫైల్ అనే రెండు పేర్లు అందులో ఉంటాయని నా అనుమానం.

కాకినాడ_ల్యాబ్ · రాత్రి 11:06

రెండూ ఉన్నాయక్కా! "ఆర్ఫన్_ఫైల్ ఫైల్‌టైప్ ఎక్స్‌టెంట్ 64బిట్ ఫ్లెక్స్_బీజీ మెటాడేటా_సీసమ్_సీడ్" అని వరసగా వచ్చింది. నేను ఇవేవీ అడగలేదే?

పెన్నేటి_పెంగ్విన్ · రాత్రి 11:30

మీరు అడగక్కర్లేదు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన ఈ2ఎఫ్ఎస్‌ప్రాగ్స్ (ఈఎక్స్‌టీ4 టూళ్ల ప్యాకేజీ) 1.47.0 నుంచి కొత్తగా ఫార్మాట్ చేసే ప్రతి ఈఎక్స్‌టీ4కీ ఆ రెండూ డిఫాల్ట్‌గా వచ్చేస్తాయి. కెర్నల్‌కి దాంతో ఇబ్బంది లేదు, సీడ్ ఫీచర్ కెర్నల్‌కి ఎప్పటి నుంచో తెలుసు. కానీ గ్రబ్‌కి ఈఎక్స్‌టీ4 చదివే కోడ్ సొంతంగా ఉంటుంది, కెర్నల్‌ది వాడుకోదు. తనకు తెలియని ఫీచర్ బిట్ కనబడితే అది ఫైల్‌సిస్టమే కాదన్నట్టు పక్కకి తప్పుకుంటుంది. డెబియన్ 11 గ్రబ్‌కి సీడ్ బిట్ తెలియదు. మీ ల్యాప్‌టాప్‌లోని 2.12కి తెలుసు. అందుకే బయటి నుంచి ఎక్కింది, లోపల నుంచి ఎక్కలేదు.

ఇది మీ ఒక్కరికే వచ్చిన తంటా కాదు. డెబియన్ 12 తయారవుతున్నప్పుడు సరిగ్గా ఇదే కారణంతో పెద్ద చర్చ నడిచింది. కొత్త డెబియన్ మీద కూర్చుని డీబూట్‌స్ట్రాప్‌తో పాత డెబియన్, ఉబుంటు ఇమేజ్‌లు చేసేవాళ్లందరికీ గ్రబ్ విరిగిపోతోందని బగ్ పెట్టారు. చివరికి డెబియన్ 12లో ఆ రెండు ఫీచర్లనీ డిఫాల్ట్ నుంచి తీసేశారు.

అసలు ఆ సీడ్ ఫీచర్ ఎందుకు వచ్చిందో తెలిస్తే దానిమీద కోపం రాదు. ఈఎక్స్‌టీ4లో మెటాడేటా చెక్‌సమ్‌లన్నీ ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ (దాని ప్రత్యేక గుర్తింపు నంబరు) నుంచి లెక్కకడతారు. యూయూఐడీ మారిస్తే చెక్‌సమ్‌లన్నీ తిరగరాయాలి, మౌంట్ అయి ఉన్నప్పుడు అది కుదరదు. సీడ్‌ని విడిగా దాచిపెట్టుకుంటే మౌంట్ అయి ఉండగానే యూయూఐడీ మార్చుకోవచ్చు. ఒకే ఇమేజ్‌ని వందల మెషీన్లకి కాపీ కొట్టేవాళ్లకి అది చాలా అవసరం. మీరు చేస్తున్నదీ అలాంటి పనే.

ఇక మందు. ఎమ్‌కేఎఫ్ఎస్‌కి హైఫన్ పెద్ద ఓ ఇచ్చి, ఆ రెండు ఫీచర్ల పేర్ల ముందు టోపీ గుర్తు పెట్టి కామాతో రాయండి. టోపీ అంటే "వద్దు" అని. ఉన్న ఇమేజ్‌నే సరిచేయాలంటే అన్‌మౌంట్ చేసి ట్యూన్2ఎఫ్ఎస్‌తో అదే రాతతో తీసేయొచ్చు. మీకు స్క్రిప్ట్ ఉంది కాబట్టి మొదటిదే చేయండి.

ఆర్ఫన్ ఫైల్‌ని గ్రబ్ పట్టించుకోదు. కానీ దాన్ని ఉంచేస్తే గెస్ట్‌లోని పాత ఈ2ఎఫ్ఎస్‌సీకే "ఫీచర్_సీ12 నాకు తెలియదు" అని డిస్క్ చెక్ చేయడానికి ఒప్పుకోదు. అందుకే రెండూ తీయమంటున్నా.

నల్లగొండ_రూట్ · రాత్రి 11:44

అక్కా, ఒక డౌటు. బయటి గ్రబ్ 2.12 ఎక్కింది కదా. సీఎఫ్‌జీ ఫైలు చేత్తో రాసేస్తే అయిపోదా? లోపలి గ్రబ్‌తో పనేముంది?

సెక్టార్_సున్నా · శనివారం ఉదయం 6:15

తమ్ముడూ, అక్కడే నేను గట్టిగా అడ్డుపడతాను. ఇమేజ్‌లో ఉండే బూట్‌లోడర్‌ని ఆ ఇమేజ్‌లోని గ్రబ్బే ఎక్కించాలి. ఎందుకంటే రేపు దాన్ని అప్‌డేట్ చేసేది అదే. మీ ల్యాప్‌టాప్ అప్పుడు పక్కన ఉండదు. బయటి గ్రబ్‌తో ఎక్కిస్తే బయోస్ బూట్ పార్టిషన్‌లో 2.12 కోర్, స్లాష్ బూట్ కింద 2.12 మాడ్యూళ్లు ఉంటాయి. లోపల ప్యాకేజీ మాత్రం పాతది. ఏదో ఒక రోజు ప్యాకేజీ అప్‌డేట్ వచ్చి పాత మాడ్యూళ్లు తెచ్చి అక్కడ పడేస్తుంది. కోర్ ఒక వెర్షన్, మాడ్యూళ్లు ఇంకో వెర్షన్ అయితే బూట్ ఆగిపోతుంది.

ఇంకో మాట. ఫైల్‌సిస్టమ్ డిఫాల్ట్‌లు కూడా హోస్ట్ మనకు తెలియకుండా ఇమేజ్‌లోకి తోసేసిన సరుకే. వీలైతే ఫార్మాట్ కూడా డెబియన్ 11 ఎమ్‌కేఎఫ్ఎస్‌తోనే చేస్తే ఈ గొడవే రాదు.

రాత్రిషిఫ్ట్_ఆపరేటర్ · ఉదయం 7:02

మాస్టారు చెప్పిన కోర్-మాడ్యూల్ తేడా 2020 జూలైలో ప్రత్యక్షంగా చూశాను. బూట్‌హోల్ అని గ్రబ్‌లో సెక్యూరిటీ లోపం బయటపడి, అన్ని డిస్ట్రోలూ ఒకేసారి అప్‌డేట్ ఇచ్చాయి. ఆ అప్‌డేట్ ఎక్కాక రీబూట్ చేసిన చాలా వీఎంలు "సింబల్ గ్రబ్_కాలాక్ నాట్ ఫౌండ్" అని రెస్క్యూ ప్రాంప్ట్‌లో నిలబడ్డాయి. మూలం ఏమిటంటే, గ్రబ్-పీసీ ప్యాకేజీ ఏ డిస్కులో గ్రబ్ వేయాలో డెబ్‌కాన్ఫ్‌లో (ప్యాకేజీ ప్రశ్నల జవాబులు దాచే చోట) గుర్తుపెట్టుకుంటుంది. ఇమేజ్ తయారైన మెషీన్ డిస్కు పేరు అందులో ఉండిపోయింది. మాడ్యూళ్లు కొత్తవి వచ్చాయి, కోర్ మాత్రం అసలు బూట్ అయ్యే డిస్కులో పాతదే.

కాబట్టి కాకినాడ గారూ, గ్రబ్-పీసీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఏ డిస్కు అని అడిగితే ఏదీ ఎంచుకోవద్దు, ఖాళీగా వదిలేయండి. పిల్లల మెషీన్లలో డిస్కు ఐడీ ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. డిస్కు ఎంచుకోకపోతే ప్యాకేజీ తనంతట తాను గ్రబ్-ఇన్‌స్టాల్ నడపదు. కోర్, మాడ్యూళ్లు రెండూ పాత జంటగానే ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది. సీహెచ్‌రూట్‌లో ఉన్నాం కదా, లోపల ఏం చేసినా లోపలే ఉంటుందని ధీమా వద్దు. డెవ్ బైండ్ చేశారు కాబట్టి ల్యాప్‌టాప్ అసలు డిస్కులన్నీ లోపల కనిపిస్తాయి. అలవాటుగా /డెవ్/ఎస్‌డీఏ అని కొడితే ల్యాప్‌టాప్ బూట్‌లోడర్ మీదే రాసేస్తుంది. స్క్రిప్టులో డివైజ్ పేరు చేత్తో రాయకండి. లోసెటప్‌కి షో ఆప్షన్ ఇస్తే అది తగిలించిన లూప్ పేరుని తిరిగి చెప్తుంది, దాన్ని వేరియబుల్‌లో పట్టుకుని అదే వాడండి.

కాకినాడ_ల్యాబ్ · ఉదయం 10:25

పెన్నేటి అక్కకి చేతులెత్తి దండం. రెండు టోపీలు పెట్టి మళ్లీ స్క్రిప్ట్ నడిపాను. సీహెచ్‌రూట్ లోపలి నుంచే గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ రెండూ ఒక్క ఎర్రర్ లేకుండా అయ్యాయి. మెనూ వచ్చింది, కెర్నల్ లేచింది, లాగిన్ వచ్చింది!

మూడు చిన్న తలనొప్పులు మిగిలాయి. మెనూలో డెబియన్‌తో పాటు నా ల్యాప్‌టాప్‌లో ఉన్న విండోస్ కూడా కనిపిస్తోంది. లాగిన్ అయ్యాక ఏ ఫైలు రాయబోయినా "రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్" అంటోంది. పైగా గ్రాఫిక్ విండో లేకుండా టెర్మినల్‌లోనే క్యూఎము నడిపితే, కెర్నల్ మొదలయ్యాక ఏమీ కనిపించడం లేదు.

పెన్నేటి_పెంగ్విన్ · ఉదయం 10:50

విండోస్ కనిపించడం ఓఎస్-ప్రోబర్ పని. అది చుట్టూ ఉన్న డిస్కులన్నీ వెతికి దొరికిన ఓఎస్‌లని మెనూలో చేరుస్తుంది. సీహెచ్‌రూట్‌లో దానికి మీ ల్యాప్‌టాప్ డిస్కులే కనబడ్డాయి. ఆ ప్యాకేజీ తీసేయండి, ఇమేజ్‌లో దాని అవసరమే లేదు. ఎట్‌సీ డిఫాల్ట్ గ్రబ్‌లో "గ్రబ్ డిజేబుల్ ఓఎస్ ప్రోబర్ ఈక్వల్స్ ట్రూ" అని కూడా పెట్టి అప్‌డేట్-గ్రబ్ కొట్టండి.

రీడ్-ఓన్లీ ఎందుకంటే, డీబూట్‌స్ట్రాప్ ఎఫ్‌స్టాబ్‌లో (ఏది ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైలు) లైను రాయదు. గ్రబ్ రూట్‌ని "ఆర్ఓ" అని మౌంట్ చేయమని కెర్నల్‌కి చెప్తుంది. తర్వాత ఎఫ్‌స్టాబ్ చూసి సిస్టమ్‌డీ దాన్ని రాసుకునేలా మార్చాలి. ఎఫ్‌స్టాబ్‌లో లైనే లేకపోతే ఏం మారుస్తుంది? బీఎల్‌కేఐడీతో యూయూఐడీ తీసి ఒక లైను రాయండి. ఎస్‌డీఏ అనో వీడీఏ అనో పేరు రాయకండి. క్యూఎములో వర్చ్ఐఓ డిస్కు అయితే వీడీఏ, వర్చువల్‌బాక్స్ సాటా అయితే ఎస్‌డీఏ. యూయూఐడీ రాస్తే రెండు చోట్లా నడుస్తుంది.

కన్సోల్‌కి, కెర్నల్ కమాండ్ లైనులో కన్సోల్ ఈక్వల్స్ టీటీవై0, కన్సోల్ ఈక్వల్స్ టీటీవైఎస్0 కామా 115200 అని రెండూ చేర్చండి. విండోలోనూ సీరియల్‌లోనూ మెసేజ్‌లు కనిపిస్తాయి.

రాత్రిషిఫ్ట్_ఆపరేటర్ · ఉదయం 11:08

దీనికి తోడు ఇంకొకటి. నేను ఇమేజ్‌లు కంటైనర్ లోపల తయారుచేస్తాను. అక్కడ యూడెవ్ (డివైజ్‌ల లింకులు పెట్టే సర్వీసు) ఉండదు, కాబట్టి /డెవ్/డిస్క్/బై-యూయూఐడీ ఖాళీ. అప్‌డేట్-గ్రబ్ ఆ లింకు ఉందో లేదో చూస్తుంది. లేకపోతే చడీచప్పుడు లేకుండా రూట్ ఈక్వల్స్ /డెవ్/లూప్0పీ2 అని సీఎఫ్‌జీలో రాసేస్తుంది. వీఎంలో లూప్0పీ2 ఎక్కడుంటుంది? "డివైజ్ డజ్ నాట్ ఎగ్జిస్ట్, డ్రాపింగ్ టు ఎ షెల్" అని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో (రూట్ దొరికేదాకా నడిచే తాత్కాలిక సిస్టమ్) ఆగిపోతుంది. కాకినాడ గారికి ల్యాప్‌టాప్ మీద యూడెవ్ ఉంది కాబట్టి ఇది తగల్లేదు. అయినా స్క్రిప్ట్ చివర్లో సీఎఫ్‌జీలో "లూప్" అనే మాట ఉందేమో గ్రెప్ చేసి, ఉంటే అక్కడే ఆపేయమని ఒక లైను పెట్టుకోండి. ఇమేజ్ పంచకముందే దొరుకుతుంది.

ఫెడోరా లాంటివి వాడేవాళ్లకి ఒక్క ముక్క. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తయారుచేసే డ్రాకట్ హోస్ట్-ఓన్లీగా నడిస్తే తయారైన మెషీన్‌కి కావలసిన డ్రైవర్లే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో పెడుతుంది. నో-హోస్ట్-ఓన్లీ ఇవ్వండి. డెబియన్‌లో డిఫాల్ట్‌గా "మాడ్యూల్స్ ఈక్వల్స్ మోస్ట్" కాబట్టి ఇబ్బంది లేదు.

నల్లగొండ_రూట్ · మధ్యాహ్నం 12:30

ఇంత గ్రబ్ తతంగం చూస్తుంటే నాకు ఎక్స్‌ట్‌లినక్స్ అనే బూట్‌లోడర్ నయం అనిపిస్తుంది. ఒక చిన్న టెక్స్ట్ ఫైలు, రెండు కమాండ్లు, అయిపోయింది. లేదంటే క్యూఎముకి కెర్నల్, ఇనిట్ఆర్‌డీ నేరుగా ఇచ్చేస్తే బూట్‌లోడరే అక్కర్లేదు.

సెక్టార్_సున్నా · మధ్యాహ్నం 1:15

కెర్నల్ నేరుగా ఇవ్వడం పరీక్షలకి చాలా మంచి పద్ధతి. రూట్ ఫైల్‌సిస్టమ్ బాగుందా, తప్పు బూట్‌లోడర్‌దా అని విడదీసి చూడాలంటే నేనూ అదే చేస్తాను. కానీ పిల్లలు వర్చువల్‌బాక్స్‌లో తెరుస్తారు, అక్కడ ఆ సౌకర్యం లేదు. కెర్నల్ అప్‌డేట్ అయినా బయటి ఫైలు పాతదే ఉంటుంది.

ఎక్స్‌ట్‌లినక్స్ నాకూ ఇష్టమే, చదివి అర్థం చేసుకోదగినంత చిన్నది. అయితే అది భాగమైన సిస్‌లినక్స్ చివరి స్థిర విడుదల 6.03, అది 2014లో వచ్చింది. 64బిట్ ఫీచర్ ఉన్న ఈఎక్స్‌టీ4ని అది చదవలేదు, ఇప్పటి ఎమ్‌కేఎఫ్ఎస్ అది డిఫాల్ట్‌గా పెడుతుంది. ఇంకో టోపీ పెట్టాలన్నమాట.

వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. దాని మొదటి సెక్టార్ కోడ్ ఎంబీఆర్ డాట్ బిన్‌ని డీడీతో రాసేటప్పుడు సైజు 440 బైట్లే ఇవ్వండి, ఆ తర్వాత ఉండే పార్టిషన్ టేబుల్‌ని ముట్టుకోకూడదు. లూప్ డివైజ్ మీద కాకుండా నేరుగా ఇమేజ్ ఫైలు మీద రాస్తుంటే కాన్వ్ ఈక్వల్స్ నోట్రంక్ తప్పకుండా ఉండాలి. అది లేకపోతే డీడీ ముందు ఫైలుని కత్తిరించి తర్వాత రాస్తుంది. 8 జీబీ ఇమేజ్ కాస్తా 440 బైట్ల ఫైలు అవుతుంది.

థర్డ్‌ఇయర్_ఈసీఈ · మధ్యాహ్నం 3:40

నమస్తే సార్, నేను వేరే కాలేజీ. ఇలాంటి ఇమేజే మాకూ ఇచ్చారు. నా వర్చువల్‌బాక్స్‌లో "ఎనేబుల్ ఈఎఫ్ఐ" టిక్ ఉంటే యూఈఎఫ్ఐ షెల్ అని పసుపు అక్షరాలతో ఏదో వస్తుంది. టిక్ తీసేస్తే బూట్ అవుతుంది. రెండిట్లో బూట్ అయ్యేలా చేయలేమా?

పెన్నేటి_పెంగ్విన్ · సాయంత్రం 4:20

చేయొచ్చు తమ్ముడూ, మంచి ప్రశ్న. డెబియన్, ఉబుంటు క్లౌడ్ ఇమేజ్‌లు అలాగే ఉంటాయి. పార్టిషన్ 1 రూట్, 14 బయోస్ బూట్, 15 ఈఎఫ్ఐ పార్టిషన్. బయోస్ అయితే ఒక దారి, యూఈఎఫ్ఐ అయితే ఇంకో దారి, రెండూ చివరికి చేరేది ఒకే గ్రబ్ మెనూకి.

కాకినాడ గారి స్క్రిప్టులో ఈఎఫ్00 టైపుతో 100 ఎంబీ పార్టిషన్ ఒకటి చేర్చి, ఫ్యాట్32 ఫార్మాట్ చేసి /బూట్/ఈఎఫ్ఐ దగ్గర మౌంట్ చేయాలి. గ్రబ్-పీసీ, గ్రబ్-ఈఎఫ్ఐ-ఏఎండీ64 ప్యాకేజీలు ఒకదానితో ఒకటి పొసగవు. కానీ వాటి "బిన్" ప్యాకేజీలు రెండూ పక్కపక్కనే ఉంటాయి. కాబట్టి ఆ బిన్ రెండూ, గ్రబ్2-కామన్ పెట్టుకుంటే చాలు. అప్పుడు డెబ్‌కాన్ఫ్ ప్రశ్న కూడా ఉండదు. ఎట్‌సీ డిఫాల్ట్ గ్రబ్ ఫైలు మాత్రం మనమే రాసుకోవాలి.

తర్వాత గ్రబ్-ఇన్‌స్టాల్ రెండుసార్లు. ఒకసారి టార్గెట్ ఐ386-పీసీ, లూప్ డివైజ్ మీద. ఇంకోసారి టార్గెట్ ఎక్స్86_64-ఈఎఫ్ఐ, దానికి రిమూవబుల్, నో-ఎన్వీరామ్ రెండూ ఇవ్వాలి. మామూలుగా యూఈఎఫ్ఐ ఏ ఫైలు నడపాలో మదర్‌బోర్డులోని శాశ్వత మెమరీ అయిన ఎన్వీరామ్‌లో రాసుకుంటుంది. మన ఇమేజ్ ఇంకో మెషీన్‌కి వెళ్లినప్పుడు ఆ రాత వెంట రాదు. రిమూవబుల్ అంటే /ఈఎఫ్ఐ/బూట్/బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ అనే అందరికీ తెలిసిన చోట ఫైలు పెట్టడం. ఏ రాతా లేకపోయినా ఫర్మ్‌వేర్ అక్కడ వెతుకుతుంది.

రాత్రిషిఫ్ట్_ఆపరేటర్ · సాయంత్రం 4:45

అక్క చెప్పిన నో-ఎన్వీరామ్ మర్చిపోవద్దు. సిస్ బైండ్ చేసేటప్పుడు ఆర్‌బైండ్ వాడితే ఈఎఫ్ఐ వేరియబుల్స్ కూడా లోపలికి వస్తాయి. అప్పుడు గ్రబ్-ఇన్‌స్టాల్ మీ ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్‌లోనే కొత్త బూట్ ఎంట్రీ రాసి దాన్ని అన్నిటికంటే ముందు నిలబెడుతుంది. అది చూపించే పార్టిషన్ ఉన్నది లూప్ ఫైలులో. మా టీమ్‌లో ఒక బిల్డ్ మెషీన్‌కి ఇలాగే జరిగి, ఈఎఫ్ఐ బూట్ మేనేజర్‌తో ఆ ఎంట్రీ తీసేసి వరస సరిచేయాల్సి వచ్చింది.

కాకినాడ_ల్యాబ్ · ఆదివారం ఉదయం 9:30

రెండు దారులూ పనిచేస్తున్నాయి. క్యూఎములో సీబయోస్‌తోనూ, దానికి యూఈఎఫ్ఐ ఇచ్చే ఓవీఎంఎఫ్‌తోనూ మెనూ వచ్చింది. వర్చువల్‌బాక్స్‌లో టిక్ పెట్టి, తీసి రెండు రకాలుగానూ చూశాను. ఫైలు రాయగలుగుతున్నాను, సీరియల్‌లో మెసేజ్‌లు వస్తున్నాయి, విండోస్ ఎంట్రీ పోయింది. స్క్రిప్టులో "లూప్" గ్రెప్ కూడా పెట్టాను. మీ అందరి రుణం తీర్చుకోలేను. రేపు ల్యాబ్‌లో పిల్లలకి ముందుగా ఆ 512 బైట్ల హెక్స్‌డంప్ చూపించి మొదలుపెడతాను.

చివరిగా ఒకటి. పంచడానికి వీడీఐ (వర్చువల్‌బాక్స్ డిస్క్ ఫార్మాట్) చేయాలా, రా ఫైలే ఇవ్వాలా? ఒకే యూయూఐడీ అందరికీ వెళ్తే ఏమైనా అవుతుందా?

సెక్టార్_సున్నా · ఉదయం 10:10

వీడీఐ ఇవ్వండి. వర్చువల్‌బాక్స్ రా ఫైలుని నేరుగా తీసుకోదు. క్యూఎము-ఇమేజ్ కన్వర్ట్‌తో చేసేటప్పుడు ఇన్‌పుట్ రా అని స్పష్టంగా రాయండి. కన్వర్ట్‌కి ముందు లోపలి మౌంట్లన్నీ ఆర్ ఆప్షన్‌తో అన్‌మౌంట్ చేసి, లోసెటప్ హైఫన్ డీతో లూప్ విడదీయాలి. మౌంట్ అయి ఉండగా కాపీ తీస్తే ఇంకా డిస్కుకి చేరని రాతలు ఇమేజ్‌లో ఉండవు.

ఒకే యూయూఐడీ వేర్వేరు మెషీన్లలో ఉంటే ఏమీ కాదు. ఎవరైనా పాత కాపీలోంచి ఫైళ్లు తీసుకుందామని దాన్ని రెండో డిస్కుగా అదే వీఎంకి తగిలిస్తేనే చిక్కు. గ్రబ్, కెర్నల్ రెండూ యూయూఐడీతోనే వెతుకుతాయి కాబట్టి ఏ డిస్కు దొరికితే అది రూట్ అవుతుంది. అలాంటప్పుడు పాత కాపీని బూట్ అయ్యేటప్పుడు కాకుండా, హోస్ట్‌లో క్యూఎము-ఎన్బీడీతో రీడ్-ఓన్లీగా తగిలించి ఫైళ్లు తీసుకోమనండి. విండోస్ వాడే పిల్లలైతే ఏదైనా లైవ్ ఐఎస్ఓతో వీఎం లేపి, ఆ డిస్కుని మౌంట్ చేసుకుంటే సరిపోతుంది.

ఇంకొకటి మర్చిపోయాను. కన్వర్ట్‌కి ముందు ఎట్‌సీ మెషీన్-ఐడీ ఫైలుని ఖాళీ చేయండి, తీసేయొద్దు. ఎస్ఎస్‌హెచ్ సర్వర్ పెట్టి ఉంటే హోస్ట్ కీలు తుడిచేసి, మొదటి బూట్‌లో కొత్తవి పుట్టేలా చిన్న సర్వీసు రాసి పెట్టండి.

కాకినాడ_ల్యాబ్ · ఉదయం 10:26

సరే మాస్టారూ, ఆ రెండూ స్క్రిప్టులో చేర్చి మొత్తం ఇంకోసారి నడిపి, సాయంత్రానికి స్క్రిప్ట్ ఇక్కడే పెడతాను.